స్కానర్ దగ్గరున్న లెక్క నీ దగ్గరా ఉండాలి

"అక్కా, మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్. ఇంట్ల తెలుగే మాట్లాడుతం, చదువు మాత్రం మరాఠీల, బీఏ దాకా. అమ్మానాన్న మిర్చి మార్కెట్ల పని చేస్తరు. ఆరు నెలల కింద దోస్తుతోని దేవగిరి రైలెక్కి ముంబై దగ్గరి భివండీ వచ్చిన. పడ్ఘా దిక్కు ఒక పెద్ద ఆన్‌లైన్ కంపెనీ గోడౌన్ల పికింగ్ పని. ఠేకేదార్ (కూలీల కాంట్రాక్టర్) పెట్టించిండు. చేతికి స్కానర్ ఇస్తరు, అది ఏ ర్యాక్ చూపిస్తే ఆ ర్యాక్‌కు ఉరుకుడే. గంటకు ఇన్ని అని టార్గెట్. నాది ఎప్పుడూ కొంచెం తక్కువే వస్తది. షిఫ్ట్ మొదట్ల అందరి ముందట తక్కువోళ్ల పేర్లు చదువుతరు. బాత్రూం దూరముంటది, పోయొస్తే పని ఆపినట్టు ఐడిల్ పడుతది. అందుకే నీళ్లు తాగుడు తక్కువ జేసిన. మోకాళ్లు గుంజుతున్నయి. దివాళీ సేల్ల రోజూ ఎక్కువ గంటలు చేసినం, ఓటీ పైసలు సరిగ రాలే. పీఎఫ్ కోస్తుండ్రు గని నంబర్ అడిగితే వస్తది వస్తది అంటడు. గట్టిగ అడిగిన ఒక పిలగాని ఐడీ బ్లాక్ జేసిండ్రు. ఇప్పుడు ఆ ఠేకేదారే మా చెల్లెను ప్యాకింగ్ల పెట్టిస్త, తోలుకరా అంటుండు. అమ్మ ఊరందరికీ నాది కంపెనీ జాబ్ అని చెప్పుకుంటది. నేనే చేతగానోన్నా? మానెయ్యాల్నా? చెల్లెను తేవాల్నా? జీతం స్లిప్పు ఫోటో పెడుతున్న, చూడండి."

(పేరు రాయవద్దని కోరారు, ధర్మాబాద్)

తమ్ముడూ,

మూడింటికీ ముందే సూటిగా చెప్పేస్తాను. నువ్వు చేతగానివాడివి కాదు. చెల్లెను ఇప్పుడు తీసుకురావద్దు. మానెయ్యడం, ఉండడం నీ ఇష్టం. కానీ కోపం మీద రేపే వచ్చెయ్యకు. నీకు రావలసిన డబ్బు ఇంకా వాళ్ల దగ్గరే ఉంది. ఇక ఒక్కొక్కటీ వివరంగా చూద్దాం.

నిన్ను లోపల్లోపల తినేస్తున్నది డబ్బుకన్నా ఆ టార్గెట్ అని ఉత్తరం చదివితేనే తెలుస్తోంది. నీ ర్యాకులు ఒకసారి గుర్తు చేసుకో. సరుకు జాతివారీగా ఉండదు కదా. టూత్‌పేస్టు పక్కన చార్జర్, దాని పక్కన చిన్నపిల్లల చెప్పులు, కింది అరలో పోలీసు పరీక్ష గైడు. సరుకు సర్దేవాళ్లు ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడ పెట్టి స్కాన్ చేస్తారు. ఏది ఎక్కడుందో అక్కడ పనిచేసే మనిషికెవరికీ తెలియదు, కంప్యూటరుకే తెలుసు. అమెజాన్ లాంటి కంపెనీలు ఈ పద్ధతి కావాలనే పెట్టుకున్నాయి. జాగా మిగులుతుంది, ఒకేలా ఉండే వస్తువులు పక్కపక్కన లేకపోవడం వల్ల ఒకటి తీయబోయి ఇంకొకటి తీసే పొరపాటు తగ్గుతుంది. అంతకంటే పెద్ద లాభం ఇంకొకటుంది. మీ అమ్మ మార్కెట్లో కుప్ప దగ్గర కూర్చుని పిడికెడు కాయ చేతిలోకి తీసుకుంటే చాలు, తేమ ఎంతుందో, తాలు ఎంత కలిసిందో చెప్పేస్తుంది. ఆ నేర్పు ఆమెది, ఆమె రాకపోతే ఆ రోజు సేటుకు ఇబ్బంది. నీ గోడౌన్‌లో నేర్పంతా మిషన్‌లోకి పోయింది. పదేళ్లు పనిచేసినవాడూ పది రోజుల కింద చేరినవాడూ కంపెనీకి ఒకటే. ఎవరు పోయినా సాయంత్రానికి ఇంకొకరు దొరుకుతారు. మిమ్మల్ని ఠేకేదార్ చేతికి అప్పగించి, ఏళ్లు గడిచినా జీతం పెంచకపోవడం వాళ్లకు అందుకే కుదురుతోంది.

ఇక నీ గంట లెక్క. ఏ వస్తువు తర్వాత ఏ వస్తువు తియ్యాలో నువ్వు నిర్ణయించవు, స్కానర్ చెప్తుంది. పక్కవాడికి ఒకే వరసలో, నడుము ఎత్తులో ఉన్న చిన్న ప్యాకెట్లు పడితే వాడి నంబరు పెరుగుతుంది. నీకు ఒకటి ఈ మూలన, ఇంకొకటి ఆ మూలన, మధ్యలో ఒక పిండి బస్తా పడితే నీది తగ్గుతుంది. స్కానర్ ఆగిపోయినా, ట్రాలీ దొరక్కపోయినా, అరలో ఉండాల్సిన వస్తువు లేకపోయినా పోయేది నీ నిమిషాలే. పొద్దున చదివే పేర్లలో ఇవేవీ ఉండవు. మనిషిని పేరు పెట్టి పదిమంది ముందు నిలబెట్టే ఆ పద్ధతి చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అది పని నేర్పడానికి పెట్టింది కాదు. నీలాంటి పిల్లవాడు తప్పు తనదే అనుకుని రేపు ఇంకొంచెం ఉరకాలని పెట్టింది.

ఇది మన దగ్గరి సంగతి మాత్రమే కాదు. ఫ్రాన్స్‌లో వ్యక్తిగత సమాచారాన్ని కాపాడే ప్రభుత్వ సంస్థ అక్కడి అమెజాన్ గోడౌన్ల కంపెనీకి 2023 డిసెంబర్‌లో 3.2 కోట్ల యూరోల జరిమానా వేసింది. ఎందుకో తెలుసా? స్కానర్ పది నిమిషాలు, అంతకు మించి ఆగితే ఒక గుర్తు, పది నిమిషాల లోపు ఆగినా ఇంకో గుర్తు, ఒక వస్తువు స్కాన్ చేశాక 1.25 సెకన్ల లోపే ఇంకొకటి చేస్తే 'మరీ తొందర' అని మరో గుర్తు. నెమ్మదైనా తప్పే, తొందరైనా తప్పే. ప్రతి చిన్న విరామానికీ మనిషి సంజాయిషీ చెప్పుకోవాల్సిన పరిస్థితి తెచ్చారని ఆ సంస్థ తప్పుపట్టింది. కంపెనీ ఆ మాట ఒప్పుకోలేదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 2022 జనవరి 1 నుంచి ఒక చట్టం అమలు చేస్తోంది. పెద్ద గోడౌన్లు టార్గెట్ ఎంతో కార్మికుడికి రాతపూర్వకంగా ఇవ్వాలి. భోజనం, విరామం, బాత్రూం మానుకుంటేనే అందుకోగలిగే టార్గెట్ పెట్టకూడదు. కార్మికుడు అడిగితే అతని గత 90 రోజుల లెక్క చూపించాలి. మన దగ్గర అలాంటి చట్టం లేదు. రావాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటాను.

మన దేశంలో ఏం జరిగిందో కూడా విను. 2024 మే నెలలో, ఉత్తరాది ఎండలు మండిపోతున్న రోజుల్లో, హర్యానాలోని మానేసర్ అమెజాన్ గోడౌన్‌లో 24 అడుగుల లారీలు ఆరు దించేదాకా నీళ్లకు, బాత్రూంకు వెళ్లబోమని కార్మికులతో ప్రమాణం చేయించారని పత్రికల్లో వచ్చింది. వారానికి ఐదు రోజులు, రోజుకు పది గంటలు పనిచేస్తే నెలకు 10,088 రూపాయలు వస్తాయని ఒక కార్మికుడు చెప్పాడు. జాతీయ మానవ హక్కుల కమిషన్ తనంతట తానే ఆ వార్తను విచారణకు తీసుకుని కేంద్ర కార్మిక శాఖకు నోటీసు పంపింది. అది ఒక్కచోట జరిగిన దురదృష్టకర ఘటన అని కంపెనీ అంది. నీ ఉత్తరం ఇంకో గోడౌన్ నుంచి వచ్చింది. అక్కడ ఎవరూ ప్రమాణం చేయించలేదు, అయినా నువ్వు నీళ్లు మానేశావు.

నీళ్ల విషయంలో మాత్రం నా మాట విను. అంత పెద్ద రేకుల షెడ్డులో చెమటలు కారుతూ తిరిగేవాడు నీళ్లు తగ్గించుకుంటే మూత్రంలో మంట, రాళ్లు, కళ్లు తిరగడం, కండరాలు పట్టెయ్యడం ఏదైనా రావచ్చు. ఐడిల్ పడితే పడనీ. పేరు చదివితే చదవనీ. బాటిల్ నింపుకుని ట్రాలీకి తగిలించుకో. లోపలికి రానివ్వకపోతే సూపర్‌వైజర్‌కు వాట్సాప్‌లో ఒక్క లైను పెట్టు: నీళ్ల బాటిల్ వద్దంటున్నారు, ఎక్కడ తాగాలో చెప్పండి. నోటితో అడిగితే కసురుకుంటారు, రాతలో అడిగితే ఆలోచిస్తారు. మోకాళ్లకు ఆ సిమెంటు ఫ్లోరు ఒక కారణం, అరిగిపోయిన చెప్పులు ఇంకో కారణం అయ్యుండవచ్చు. ముందు మంచి బూట్లు చూసుకో. కింది అర నుంచి తీసేటప్పుడు ఒకే మోకాలి మీద బరువు వెయ్యకు. నొప్పి తగ్గకపోతే ఈఎస్‌ఐ (కార్మికుల బీమా) ఆసుపత్రికి పో. నీ స్లిప్పులో ఈఎస్‌ఐ కోత ఉంది. జీతం మీద 0.75 శాతం నీది, 3.25 శాతం యజమానిది. అది దానధర్మం కాదు, నువ్వు కట్టిన సొమ్ము. పనిలో దెబ్బ తగిలి మూడు రోజులు, అంతకు మించి పని చెయ్యలేకపోతే ఈఎస్‌ఐ జీతంలో దాదాపు 90 శాతం చెల్లిస్తుంది. అయితే ఆ దెబ్బ గోడౌన్ రికార్డులో ఎక్కి ఉండాలి. చిన్న దెబ్బే కదా అని బ్యాండేజీ వేసి పంపేస్తుంటారు. ప్రతిసారీ రాయించు.

ఇప్పుడు స్లిప్పు. ఫోటో పెద్దది చేసి చూశాను. బేసిక్ 13,000, అలవెన్సు 1,500, పీఎఫ్ కోత 1,560. పన్నెండు శాతం లెక్క సరిగానే ఉంది, కానీ యూఏఎన్ (నీ పీఎఫ్ నంబర్) అని రాసున్నచోట ఒక గీత గీసి వదిలేశారు. ఓటీ గడి అసలు లేదు. దాని బదులు 'ఇన్సెంటివ్ 1,500' అని ఉంది. ఈ ఒక్క మాటలోనే నీ దివాళీ పైసలు మాయమయ్యాయి. వారానికి 48 గంటలు దాటి చేయించుకున్న పనికి రెట్టింపు కూలీ ఇవ్వాలని చట్టం చెప్తోంది. అలవెన్సు వదిలేసి ఒక్క బేసిక్ మీదే చూసినా, 13,000ను 26 రోజులకు పంచితే రోజుకు 500, ఎనిమిది గంటలకు పంచితే గంటకు 62 రూపాయల 50 పైసలు, రెట్టింపు చేస్తే 125. నువ్వు ఆ నెలలో 40 గంటలు అదనంగా చేసి ఉంటే 5,000 రావాలి. చేతికొచ్చింది 1,500. అసలు ఎన్ని గంటలు చేశావో నువ్వు రాయలేదు. నీకు తెలియదని నా అనుమానం. కంపెనీకి మాత్రం నువ్వు ఏ నిమిషానికి గేటు లోపలికొచ్చావో, ఏ సెకనుకు ఏ వస్తువు తీశావో తెలుసు.

అందుకే నీకు నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఒకటే. ఈ రోజు సాయంత్రమే ఇరవై రూపాయల నోటుబుక్కు కొను. తేదీ, లోపలికి వెళ్లిన టైము, బయటికొచ్చిన టైము, విరామం ఇచ్చారా లేదా, ఆ రోజు ఏ సూపర్‌వైజర్, టార్గెట్ ఎంతన్నారు, ఏమైనా దెబ్బ తగిలిందా అన్నీ రాసుకో. గోడౌన్ లోపలికి ఫోన్ రానివ్వకపోవచ్చు, కానీ గేటు దాటాక బస్సులోనో గదిలోనో రాయడానికి రెండు నిమిషాలు చాలు. పోయిన నెలలవి కూడా గుర్తున్నంత వరకు రాయి, దోస్తును అడిగి సరిచూసుకో. జీతం పడిన బ్యాంకు మెసేజీలు, ఠేకేదార్ వాట్సాప్ గొంతు మెసేజీలు, గేటు పాసు, ఐడీ కార్డు రెండు వైపులా ఫోటో దాచిపెట్టు. నీ ఫోన్ పోవచ్చు కాబట్టి ఒక కాపీ ఊళ్లో చెల్లెకు పంపు. నాందేడ్, భివండీల మధ్య తిరిగే మన పిల్లల గొడవలు చాలానే విన్నాను. కాగితం ఉన్నవాడి మాటకూ లేనివాడి మాటకూ లేబర్ ఆఫీసులో ఎంత తేడానో చెప్పలేను.

పీఎఫ్ నంబర్ కోసం ఠేకేదార్ దయ మీద ఆధారపడాల్సిన పని లేదు. నీ ఆధార్, దానికి లింకయిన మొబైల్ ఉంటే పీఎఫ్ చూసే ప్రభుత్వ సంస్థ ఈపీఎఫ్‌ఓ వెబ్‌సైట్‌లో 'నో యువర్ యూఏఎన్' అనే చోట పన్నెండు అంకెల నంబర్ ఉందో లేదో తెలిసిపోతుంది. ఉంటే ప్రభుత్వం వాళ్ల ఉమాంగ్ యాప్‌లో పాస్‌బుక్ తెరిచి చూడు. నెలనెలా 1,560 పడ్డాయా? యజమాని వాటా పడిందా? పడకపోతే నీ జీతంలోంచి కోసిన డబ్బు ఎవరో వాడుకుంటున్నట్టే, ఈపీఎఫ్‌ఓ ఫిర్యాదుల పోర్టల్లో పెట్టు. ఠేకేదార్లు మారినప్పుడల్లా కొత్త యూఏఎన్ తీసేసి పాతది అక్కడే వదిలేయడం మన వాళ్లకు బాగా జరుగుతుంటుంది. ఎక్కడికి పోయినా ఇదే నంబర్ ఇవ్వు. నామినీగా అమ్మ పేరు నువ్వే ఆన్‌లైన్‌లో పెట్టు.

అసలు భివండీలోనే ఇన్ని గోడౌన్లెందుకని ఎప్పుడైనా అనుకున్నావా? ముంబైలోకి వచ్చే సరుకు మీద ఆక్ట్రాయ్ పన్ను ఉండేది. ఆ హద్దు బయట, గ్రామపంచాయతీల భూముల్లో సరుకు దించుకుంటే కలిసొచ్చేది. మాన్‌కోలి, కాల్హేర్ చుట్టూ అట్లా షెడ్లు లేచాయి. 2017లో జీఎస్టీ వచ్చి ఆక్ట్రాయ్ పోయింది. కానీ రాష్ట్రానికో చిన్న గోడౌన్ పెట్టుకోవాల్సిన అవసరమూ పోయి, కంపెనీలు అన్నిటినీ కలిపి మరీ పెద్దవి కట్టుకున్నాయి. నీ పడ్ఘా వైపు కనిపించేవి చాలావరకు అవే. లోపల మాత్రం పొరలు పొరలు. సరుకు ఒకరిది, గోడౌన్ నడిపేది ఇంకొకరు, మనుషులను పంపేది మూడోవాడు, ఊళ్లోంచి తెచ్చింది నాలుగోవాడు. అడిగితే ఒకరు ఇంకొకరిని చూపిస్తారు. చట్టం ఇక్కడ నీ వైపే ఉంది. ఠేకేదార్ జీతం ఎగ్గొడితే పని చేయించుకున్న అసలు యజమానే చెల్లించాలి. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌ల (కార్మిక చట్టాల) ప్రకారం ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలి, నెల జీతం వచ్చే నెల 7వ తేదీ లోపు పడాలి. నీకు నియామక పత్రం ఇచ్చారా? లేకపోతే మొదట అడగాల్సింది అదే. కాగితం మీద నిన్ను పనిలో పెట్టుకున్న కంపెనీ ఏదో దాని మీదే ఉంటుంది. ఠేకేదార్ నీకు చెప్పిన పేరు వేరే అయి ఉండవచ్చు.

ఒక్కడివే అడగకు. ఆ పిల్లవాడి ఐడీ బ్లాక్ అయింది ఎందుకంటే వాడొక్కడే గట్టిగా అడిగాడు. న్యూయార్క్ స్టాటెన్ ఐలాండ్‌లో ఎనిమిది వేలకు పైగా మంది పనిచేసే అమెజాన్ గోడౌన్‌లో కార్మికులు 2022 ఏప్రిల్‌లో యూనియన్ కావాలా వద్దా అని ఓటేసుకున్నారు. 2,654 మంది కావాలన్నారు, 2,131 మంది వద్దన్నారు. అమెజాన్‌కు అమెరికాలో మొదటి యూనియన్ అట్లా వచ్చింది. మీ దగ్గర అది రేపో ఎల్లుండో అయ్యేది కాదు. బీహార్, యూపీ, ఒడిశా, విదర్భ పిల్లలందరూ కలిసి ఉంటారు, ఒకరి మాట ఒకరికి పూర్తిగా అర్థం కాదు, రెండు నెలలకు సగం మంది మారిపోతారు. కానీ నీ దగ్గర ఒక బలం ఉంది, అది నీకే తెలుస్తున్నట్టు లేదు. నీకు మరాఠీ చదవడం రాయడం వచ్చు, హిందీ వచ్చు. థానే లేబర్ ఆఫీసులో మరాఠీలో రాసిన అర్జీని వెంటనే చదువుతారు. పదిమంది సంతకాలతో ఓటీ అర్జీ ఒకటి రాస్తే ఎవరి ఒక్కరి ఐడీనీ బ్లాక్ చెయ్యడం అంత తేలిక కాదు. భివండీలో పద్మనగర్ వైపు మన తెలుగువాళ్లు మగ్గాల పని మీద తరతరాలుగా ఉన్నారు. కూలీ గొడవల్లో ఎక్కడికి పోవాలో ఎవరిని కలవాలో వాళ్లకు తెలుసు, ఒక ఆదివారం వెళ్లి మాట్లాడు. భివండీ కోర్టులో లీగల్ ఎయిడ్ కూడా అడుగు, కార్మికులకు ఉచితం.

చెల్లె సంగతి. అమ్మాయి పని చెయ్యకూడదని నేను అనను. ప్యాకింగ్ చెడ్డ పనీ కాదు. నన్ను భయపెడుతున్నది ఆ ఠేకేదార్ తొందర. నీ యూఏఎన్ ఆరు నెలలుగా ఇవ్వనివాడు ఆమెకు మాత్రం ఏమిస్తాడు? ఆడవాళ్లను రాత్రి తొమ్మిదిన్నర తర్వాత పనికి పెట్టుకోవాలంటే ఆమె ఒప్పుకోవాలి, రక్షణ ఉండాలి, ఇంటి గుమ్మం దాకా బండి పెట్టాలని మహారాష్ట్ర షాపుల చట్టం చెప్తుంది. పదిమంది, అంతకు మించి పనిచేసేచోట లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే కమిటీ ఉండాలి. వాడిని అడుగు: షిఫ్ట్ ఏ టైముకు, బండి ఎవరిది, ఉండే గది ఎక్కడ, గదిలో ఎంతమంది, తలుపుకు లోపలి గడియ ఉందా, కమిటీలో ఉన్నవాళ్ల పేర్లు గోడ మీద రాసి ఉన్నాయా. లోపల ఇప్పటికే పనిచేస్తున్న ఇద్దరు ముగ్గురు అమ్మాయిలను కూడా అడుగు, బాత్రూంకు పోవాలంటే ఎవరికి చెప్పాలని. బహిష్టు రోజుల్లో ఐడిల్ టైం భయంతో బిగబట్టుకుని నిలబడే ఆడపిల్లల మాట నేను విన్నాను. అది వింటే నీ చెల్లెను ఎవరూ తెమ్మనరు. ఇవన్నిటికీ రాతలో జవాబు వచ్చి, ఆమె తన ఇష్టంతో వస్తానంటే అప్పుడు మాట్లాడదాం. అదీ నువ్వు అక్కడ ఉంటేనే.

ఉండాలా వద్దా అంటే, నీ పీఎఫ్ తేలేదాకా, దివాళీ ఓటీ అర్జీ పెట్టేదాకా ఉండు. ఆ లోపు చుట్టుపక్కల వేరే పని చూసుకో. స్కానర్ మీద వేగం నేర్చుకున్నావు కాబట్టి గోడౌన్ పనే కావాలంటే స్టాక్ లెక్క, డాక్యుమెంట్ల పని అడుగు. బీఏ చదివి, మూడు భాషలు వచ్చినవాడివి. ఊరికి తిరిగొస్తే మిర్చి ఘాటులో పీఎఫ్, ఈఎస్‌ఐ రెండూ ఉండవు, కాబట్టి అక్కడ అంతా బాగుంటుందనీ అనుకోకు. అమ్మకు మాత్రం ఉన్నదున్నట్టు చెప్పు. కొడుకు మోకాళ్లు పట్టుకుని కూర్చుంటున్నాడని తెలిస్తే ఆమె పరువు పోదు, నీ మీద జాలీ పడదు. మార్కెట్లో రోజంతా నిలబడి పనిచేసిన మనిషి, నీకంటే బాగా అర్థం చేసుకుంటుంది.

మానేసేరోజు నోటితో చెప్పి రాకు. మానేస్తున్నానని తేదీ వేసి ఠేకేదార్‌కూ గోడౌన్ హెచ్‌ఆర్‌కూ వాట్సాప్‌లో పెట్టు. మానేసిన రెండు పనిరోజుల్లో మిగిలిన జీతమంతా ఇవ్వాలి. ఓటీ తక్కువ పడిందన్న దావా మూడేళ్ల లోపు ఎప్పుడైనా వెయ్యవచ్చు కాబట్టి ఊరికొచ్చాక కూడా నోటుబుక్కు పారెయ్యకు.